వడ్రంగి పిట్టల ఆంటీ

మొన్న శనివారం టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో మా స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్తే, వాళ్ళమ్మాయి నా పక్కన చేరి ఫోన్ చూపిస్తూ అడిగింది.

"ఆంటీ, మంచి టాలో ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసా? లోకల్ది కావాలి నాకు. స్టోర్‌లోది వద్దు."

ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది. ఇప్పుడు దాని ఈడు వాళ్ళంతా అది మొహానికి రాసుకుంటున్నారట. మాట చెవిన పడగానే వంటింట్లోంచి వాళ్ళమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది.

"టాలో అంటే ఏంటో తెలిసే అడుగుతున్నావా? ఆవు కొవ్వు! అది మొహానికి పూసుకుని నా దేవుడి గదిలోకి వస్తావా?"

"మామ్, ఇట్స్ నాచురల్," అంది పిల్ల.

నాకు నవ్వాగలేదు. మా స్నేహితురాలు నన్ను కూడా కసిరింది. నేను నవ్వింది వాళ్ళిద్దర్నీ చూసి కాదు. ఆ ప్రశ్నకి నా దగ్గర నిజంగానే జవాబుంది. "ఊరి బయట చిన్న మాంసం కొట్టు ఏదైనా చూసుకో. పశువు ఎక్కడి నుంచి వస్తుందో అడుగు. కిడ్నీల చుట్టూ ఉండే కొవ్వే కావాలని చెప్పు. దాన్ని సూయెట్ అంటారు. కరిగించి వడకడితే అదే టాలో," అని చెప్పేశాను. తల్లీకూతుళ్ళు ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. కోడీ మేకా తప్ప ఇంకో మాంసం ముట్టని దాన్ని, ఇవన్నీ నాకెలా తెలుసునని.

ఇవన్నీ నాకు నేర్పింది జన్మలో కోడిగుడ్డు కూడా తినని ఒక పెద్దావిడ.

నేను అమెరికా వచ్చిన కొత్తలో మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేదాన్ని. ఆవిడా, వాళ్ళాయనా పక్కింట్లో ఉండేవారు. ఇద్దరిదీ కాకినాడ. ఇద్దరూ కార్ల కంపెనీలకి పనిచేసి రిటైరైనవాళ్ళే. ఆవిడ రంగుల ల్యాబ్‌లో ఉండేవారు. వీధిలో అందరికీ ఆంటీయే. నేను మొదటిసారి ఆవిడని చూసినప్పుడు నేత చీర మీద మోకాళ్ళ దాకా వచ్చే లావుపాటి కోటు, కాళ్ళకి స్నో బూట్లు, నెత్తిన ఊలు టోపీ. జుట్టు ముడి వల్ల టోపీ సరిగ్గా కూర్చోక ఎప్పుడూ ఒకవైపుకి ఒరిగి ఉండేది. మంచులో నిచ్చెన వేసుకుని మేపుల్ చెట్టు కొమ్మకి ఏదో తీగెల బుట్ట కడుతున్నారు.

"నిచ్చెన పట్టుకోమ్మా, పరిచయాలు తర్వాత," అన్నారు.

ఆ బుట్టలో ఉన్నది తెల్లటి బిళ్ళ. కొబ్బరి లౌజు అనుకున్నాను. నేను లోపలికి వెళ్ళి కిటికీలోంచి చూస్తుండగానే ఒక వడ్రంగి పిట్ట వచ్చి వాలింది.

మిషిగన్ పిట్టలన్నిటికీ ఆవిడ తెలుగు పేర్లు పెట్టుకున్నారు. చెట్టు మాను మీద తలకిందులుగా నడిచేది తలకిందుల పిట్ట. నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే బుల్లిది పోలీసు పిట్ట. గుంపుగా దిగి, గోలగోలగా తిని, ఒక్కసారే లేచిపోయే నల్లవాటిని పేరంటాళ్ళు అనేవారు. ఒకరోజు నీలం రెక్కల పిట్ట ఒకటి వస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆంటీ, ఇది అచ్చం మా పాలపిట్ట లెక్కనే ఉంది!" అన్నాను. మాది వరంగల్.

"పాలపిట్టకి ఇంత పొగరెక్కడిదమ్మా? చూడు, పోలీసు పిట్టని ఎలా తోసేస్తోందో," అన్నారు.

ఈ పిట్టల వ్యవహారం ఆవిడ రిటైరైన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో మొదలైందట. గడ్డకట్టే చలిలో ఒక వడ్రంగి పిట్ట మేపుల్ చెట్టుని పొడుచుకుంటూ కనిపించింది. అన్నం పెడితే ముట్టలేదు. నూకలు పోస్తే ముట్టలేదు. గింజలమ్మే షాపులో అడిగితే, చలికాలం దానికి పురుగులు దొరకవు, కొవ్వు కావాలి అని చెప్పి అట్టపెట్టెలో ఉన్న బిళ్ళలు ఇచ్చారు. అవి కట్టగానే పిట్ట తినడం మొదలుపెట్టింది. ఆవిడకి సంతోషం. కొన్నాళ్ళ తర్వాత ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని పెట్టె మీద ఏముందో చదివారు. ఆవు కొవ్వని రాసి ఉంది.

"అప్పుడేం చేసిన్రు?" అని అడిగాను.

"ఏం చేస్తాను. చేతులు కడుక్కుని కూర్చున్నాను. తెలియకుండా కొన్నన్నాళ్ళూ హాయిగా ఉన్నాను. తెలిశాక పాపం అనిపించింది. పిట్టకి మాత్రం ఏవిటి తేడా? దాని ఆకలి నా తెలివిని బట్టి మారదు కదా!"

ఇంకెవరైనా అయితే అక్కడితో మానేసేవారు. లేదంటే చూడనట్టు ఆ పెట్టెలే కొనేవారు. ఆవిడ రెండూ చెయ్యలేదు. "కళ్ళు మూసుకుని కొనడం నాకు నచ్చలేదమ్మా. కొనేదేదో ఎక్కడిదో, ఎవరు అమ్ముతున్నారో చూసి కొందామనుకున్నాను," అన్నారు. చుట్టుపక్కల మాంసం కొట్లన్నీ వెతికి, ఊరి బయట ఒక పాత కొట్టు పట్టుకున్నారు. ఆ కొట్టుకి దగ్గర్లోని ఫారం నుంచే పశువులు వచ్చేవి.

ఒకసారి ఆవిడ కారు రిపేరుకి వెళ్ళింది. "అమ్మాయ్, రేపు ఖాళీయేనా? నన్ను మాంసం కొట్టుకి తీసుకెళ్ళాలి," అని ఫోన్ చేశారు. కోవెలకి తీసుకెళ్ళమన్నంత మామూలుగా అడిగారు.

నేను కోడీ మేకా తింటూ పెరిగినదాన్నే. అయినా ఆ కొట్టు గుమ్మంలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ ఆగలేదు. బూట్లకున్న మంచు దులుపుకుని తిన్నగా లోపలికి నడిచారు. కౌంటర్ వెనక తెల్లజుట్టు పెద్దమనిషి ఆవిడని చూసి "బర్డ్ లేడీ!" అని కేకేశాడు. నన్ను చూసి మొదలుపెట్టాడు.

"ఈవిడ మొదటిసారి వచ్చినప్పుడు ఏమందో తెలుసా? 'నేను వెజిటేరియన్ని. మీ దగ్గరున్న కొవ్వులో అన్నిటికన్నా మంచిది కావాలి' అంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో నాకు అలాంటి బేరం తగల్లేదు."

ఆవిడ కోసం ఎత్తిపెట్టిన ముక్కలు తెచ్చి కాగితం మీద పరిచాడు. ఇండియన్ షాపులో బెండకాయ చివర విరిచి చూసే మనిషి ఎంత శ్రద్ధగా చూస్తుందో, ఆవిడ అంత శ్రద్ధగా ఒక్కొక్క ముక్కనీ గోటితో నొక్కి చూశారు. కిడ్నీల చుట్టూ ఉండేది తెల్లగా, పొడిగా ఉంటుంది. నొక్కితే రవ్వలా రాలుతుంది. మిగతా చోట్లది మెత్తగా, పసుపుపచ్చగా ఉండి సాగుతుంది, తొందరగా కంపు కొడుతుంది. మెత్తటి ముక్క ఒకటి పక్కకి నెట్టి "ఇది వద్దు" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. తర్వాత ఫోన్ తీసి ఆవిడ కొత్త పిట్టల ఫొటోలు చూపించారు. ఆయన చేతులు తుడుచుకుని, కళ్ళజోడు వెతుక్కుని, ప్రతి ఫొటో చూశాడు. వెనకున్నవాళ్ళు వేచి ఉన్నారు.

బయల్దేరేటప్పుడు గాజు బీరువాలో వరసగా పేర్చిన మాంసం వైపు చూసి ఆవిడ "వెళ్ళొస్తాం" అన్నారు, తెలుగులో. ఆ మాట కొట్టాయనకి చెప్పారో, ఇంకెవరికి చెప్పారో నాకు తెలియదు.

కార్లో ఆవిడకి ధైర్యం చెప్దామని "వాళ్ళు ఎట్లాగూ పారేసేదే కదా ఆంటీ. పాపమేం లేదు," అన్నాను.

"అది సాకమ్మా. పారేసేదైతే ఆయన నా దగ్గర డబ్బులెందుకు తీసుకుంటాడు? నేను కొంటున్నాను. పిట్ట బతకాలని కొంటున్నాను. పైవాడు అడిగితే అంతే చెప్తాను."

కరిగించేది గ్యారేజీలో. ఒక కరెంటు పొయ్యి, దానికోసమే ఉంచిన పాత గిన్నె, గరిటె. గ్యారేజీ తలుపు సగం ఎత్తి, కోటూ టోపీ వేసుకుని, కొవ్వుని సన్నగా తరిగి, అడుగున కొంచెం నీళ్ళు పోసి, సన్న సెగ మీద ఓపిగ్గా కలుపుతూ ఉండేవారు. తేట నూనె పైకి వచ్చి పిప్పి ఎర్రబడ్డాక పాత పంచె ముక్కలో వడకట్టి, వేరుశెనగ పలుకులూ మొక్కజొన్న రవ్వా కలిపి అచ్చుల్లో పోసేవారు. పలుకులు కలపని తేటని పెరుగు డబ్బాల్లో దాచేవారు. అదంతా అయ్యాక తలస్నానం, తర్వాత దీపం. "మడి అంటే ఏది ముందు, ఏది వెనక అన్నదేనమ్మా. మిగతాదంతా హడావిడి," అనేవారు.

అంకుల్ మాత్రం చలికాలం మొత్తం గ్యారేజీలో అడుగు పెట్టేవారు కాదు. నుదుట విభూతి, వేళకి సంధ్యావందనం, ఉల్లిపాయ కూడా తినని మనిషి. వాకిట్లో మంచు తోడుకుని, చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వచ్చేవారు గానీ, గ్యారేజీ తలుపు దాటేవారు కాదు. అలాగని పోట్లాడేవారూ కాదు. "మీ ఆంటీ ఫ్యాక్టరీలో ఉంది," అని చెప్పి పేపర్లో తల దూర్చేవారు.

ఇలా రెండు మూడు చలికాలాలు సాఫీగా గడిచాయి. తర్వాత ఒక మాఘమాసంలో వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం వచ్చింది. హాలు నిండా జనం. మంచు వల్ల పురోహితుడు రాలేకపోతే అంకులే పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కన పీట మీద ఆంటీ. వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒకమ్మాయి వంటింట్లో ప్రసాదం పని తన మీద వేసుకుంది. కాకినాడ వైపు చేసే ఎర్ర గోధుమరవ్వ ప్రసాదం. నేను హాల్లో అరటిపళ్ళూ పూలూ అందిస్తున్నాను.

మిషిగన్ చలికాలంలో మన ఇళ్ళల్లో గ్యారేజీ అంటే రెండో ఫ్రిజ్. అందులో పెరుగు డబ్బా కనిపిస్తే లోపల పెరుగే ఉంటుందని ఎవరూ అనుకోరు. ఇడ్లీ పిండి ఉండొచ్చు, గోంగూర ఉండొచ్చు, నెయ్యి ఉండొచ్చు. రవ్వకి నెయ్యి చాలలేదు. ఆ అమ్మాయి గ్యారేజీలోకి వెళ్ళి, అరలో తెల్లగా గడ్డకట్టినది చూసి, డబ్బా తీసుకొచ్చి మూకుట్లో వేసింది.

కథ సగంలో ఉండగా ఆంటీ తలెత్తి గాలి పీల్చారు. చేతిలో అక్షింతలు పళ్ళెంలో వదిలేసి పీట మీంచి లేచారు. కథ మధ్యలో లేవకూడదు. అందరూ చూస్తున్నారు. నేను వెనకే వెళ్ళాను.

ఆవిడ పొయ్యి కట్టేసి, డబ్బా చూసి, మెల్లగా అన్నారు. "ఇది నెయ్యి కాదమ్మా. పిట్టలది."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు వణికిపోయాయి. "ఆంటీ, ప్లీజ్, ఎవరికీ చెప్పకండి. పారబోసి మళ్ళీ చేసేద్దాం. మా అత్తగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!"

నేనూ అదే అన్నాను. "ఎవ్వలూ తినలే కదా ఆంటీ. మాడిపోయిందని చెప్దాం."

ఆవిడ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశారు. "నీ మాట రాదు, భయపడకు. కానీ నా ఇంట్లో ఎవరూ కళ్ళు మూసుకుని తినకూడదమ్మా."

హాల్లోకి వెళ్ళి నిలబడి చెప్పారు. "నా పొరపాటు వల్ల ప్రసాదం మూకుట్లో పిట్టల కోసం దాచిన కొవ్వు పడింది. ఆవు కొవ్వు. ఎవరూ తినలేదు. గిన్నెలు మార్చి మళ్ళీ చేస్తాను. ఉండేవాళ్ళు ఉండండి. వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, నేనేమీ అనుకోను."

ఒక్కొక్కరూ అంకుల్ వైపు తిరిగారు. ఆ గదిలో అందరికన్నా నిష్ఠాపరుడు ఆయన. ఆయన పుస్తకంలో వేలు అలాగే ఉంచి భార్య వైపు చూశారు. ఈ మనిషి ఇంతమందిలో ఆవిడని ఏమంటారో అనుకున్నాను.

"కొత్త మూకుడు అటక మీదుంది," అన్నారు. "రవ్వ వేగేసరికి టైమ్ పడుతుంది కదా. ఈలోగా నేను కథ మొదట్నుంచి చదువుతాను." పేజీలు వెనక్కి తిప్పి గొంతు సవరించుకున్నారు.

రెండు కుటుంబాలు లేచి వెళ్ళిపోయాయి. అందులో ఒకాయన శనివారం పూట ఆఫీస్ కాల్ ఉందన్నాడు. మిగతావాళ్ళం కథ రెండోసారి విన్నాం. నేను వెన్న కరిగించి నెయ్యి చేస్తే, ఆంటీ రవ్వ వేయించారు. ఆ కొత్తమ్మాయి ఎర్రబడ్డ కళ్ళతో రెండుసార్లు ప్రసాదం అడిగి తింది. డబ్బా తెచ్చింది ఎవరని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

తర్వాత మాటలు నడిచాయి. కొందరు ఆవిడ తెచ్చిన వంటకాలు ముట్టడం మానేశారు. "పోనీలేమ్మా, పులిహోర మనకే మిగుల్తోంది," అనేవారు ఆవిడ. అలా నవ్వుతూనే పిట్టల పని మాత్రం మానేశారు. పొయ్యి పెట్టెలో పెట్టేశారు. నేనడిగితే "వాళ్ళ మాటలకి కాదు. ఆ పిల్ల చేతులు వణకడం గుర్తొస్తోంది," అన్నారు.

ఫిబ్రవరి చివర్లో చలి విరుచుకుపడింది. కారు తలుపులు గడ్డకట్టి తెరుచుకునేవి కావు. ఒక ఆదివారం పొద్దున మా తలుపు చప్పుడైతే తీశాను. అంకుల్. విభూతి మీదికి టోపీ లాక్కుని ఉన్నారు.

"ఆ మాంసం కొట్టు నీకు తెలుసు కదమ్మా?"

ఎందుకని అడిగేలోపే ఆయనే చెప్పారు. "ఆ ఎర్ర తల వడ్రంగి పిట్ట వచ్చి ఖాళీ బుట్టని పొడుస్తోంది. నిన్నా వచ్చింది, ఇవాళా వచ్చింది. మీ ఆంటీ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటోంది. నేను జపానికి కూర్చుంటే నాకు ఆ టకటకే వినిపిస్తోంది."

ఇద్దరం వెళ్ళాం. కొట్టు గుమ్మంలో ఆయన కూడా ఆగిపోయారు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, లోపలికి వచ్చారు. కొట్టాయన "బర్డ్ లేడీ ఏది? ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడ్డాడు.

"బాగానే ఉంది. ఇవాళ నేను వచ్చాను," అన్నారు అంకుల్ ఇంగ్లీషులో.

"మీరు కూడా వెజిటేరియనేనా?"

"ఆవిడ కన్నా ఎక్కువ."

కొట్టాయన నవ్వి మంచి ముక్కలు తెచ్చి పరిచాడు. ఎలా చూడాలో నేను చెప్పాను. అంకుల్ చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు. చివరికి గ్లవ్ తీసి, చూపుడు వేలి గోరుతో ఒకచోట నొక్కారు. పొడిపొడిగా రాలింది. "ఇదే అనుకుంటాను," అన్నారు. పొట్లాన్ని వెనక సీట్లో పెట్టబోతే వద్దని ఒళ్ళో పెట్టుకున్నారు. ఇల్లు దగ్గర పడ్డాక "ఇది తెల్లగానే ఉంది కదమ్మా?" అని ఒకసారి అడిగారు.

నేను కారు ఆపగానే ఆయన నాచేత గ్యారేజీ తలుపు ఎత్తించి, అందులోంచే లోపలికి నడిచారు. చప్పుడు విని ఆంటీ వచ్చారు. చేతిలో సగం తరిగిన దొండకాయ ఉంది.

"అదేవిటండీ, ఇటునుంచి వచ్చారు?"

"ఇటే దగ్గర," అన్నారు ఆయన. పొట్లం బల్ల మీద పెట్టి చొక్కా చేతులు మడుచుకున్నారు. "పొయ్యి ఎక్కడ పెట్టావు? స్నానం మళ్ళీ తర్వాత చేస్తాలే. ఏం చెయ్యాలో చెప్పు, ముందు ఇది కానిచ్చేద్దాం."

ఆంటీ ఆయన నెత్తి మీది టోపీ సరిచేసి, పొయ్యి పెట్టె దించడానికి లోపలికి వెళ్ళారు. నేను ఇంటికొచ్చేశాను. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. ఆయన గరిటె తిప్పుతున్నారు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, చెయ్యి ఊపుతూ, సెగ తగ్గించమని చెప్తున్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్ని వ్రతాలు జరిగాయో! పిట్టలది మాత్రం తాళం వేసే పెట్టెలోకి మారింది. వెళ్ళిపోయిన రెండు కుటుంబాల్లో ఒకటి తిరిగి వచ్చింది. వాళ్ళ పిల్లలకి వడ్రంగి పిట్టని చూడాలనిపించిందట. ఆ కొత్తమ్మాయి కొడుకు మొదట నేర్చుకున్న పిట్టల పేర్లు ఆంటీ పెట్టినవే. వాడు ప్రీస్కూల్లో టీచర్‌కి "తలకిందుల పిట్ట" అని చెప్పి, ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో తెలియక ఇంటికొచ్చి అడిగాడని వాళ్ళమ్మ ఫోన్ చేసి నవ్వింది.

నేను ఉద్యోగం మారి టెక్సాస్ వచ్చేశాను. పోయిన అక్టోబర్‌లో, మిషిగన్‌లో ఇంకా మంచు పడకముందే, ఆవిడ నిద్రలో పోయారు. అప్పుడు వెళ్ళలేకపోయాను. ఫోన్‌లో అంకుల్‌తో పొడి మాటలే నడిచాయి. చలి బాగా ముదిరాక, ఆ ఇంట్లో ఆయన ఒక్కరూ ఎలా ఉన్నారో అనిపించి ఒక ఆదివారం మళ్ళీ చేశాను. ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకున్నాను. ఫోన్ చాలాసేపు మోగాక ఎత్తారు.

"ఏమ్మా, బాగున్నావా?" అన్నారు. నేను ఇంకా ఆంటీ పేరెత్తనే లేదు. "నేను మళ్ళీ చేస్తానమ్మా, ఏమనుకోకు. పిట్టలది పొయ్యి మీదుంది. కాస్త ఏమరితే అడుగంటిపోతుంది."